వెనక బండిలో సుంకులమ్మ

సోమవారం. పల్చటి ఎండ. మధ్యాహ్నం నుంచి మబ్బు.

పొద్దున్నే నిచ్చెన ఎక్కి పెట్టెల కప్పుల మీది పలకలు తుడిచాను. నల్లమల దుమ్ము ఎర్రగా, సన్నగా ఉంటుంది. గుడ్డకు పట్టిందంటే ఎంత ఉతికినా వదలదు. దుమ్ముంటే పలకల్లోకి ఎండ దిగదు, ఎండ దిగకపోతే బండి కదలదు. ఈసారి సరుకు ఉల్లిగడ్డలు, నాపరాళ్లు. ఉల్లిగడ్డల పెట్టెలు నా గది పక్కనే తగిలించారు. దుప్పటి కప్పుకున్నా అదే వాసన.

మధ్యాహ్నం మబ్బు కమ్మింది. బండి నడక తగ్గి, తగ్గి, అడవి మధ్యలో నిలబడిపోయింది. పట్టాలకు రెండు వైపులా ఎత్తయిన కంచె. ఒకప్పుడు ఈ దారిలో స్టేషన్లు ఉండేవట, టీ అమ్మేవాళ్లు కిటికీల దాకా వచ్చేవాళ్లట. ఇప్పుడు అడవిని జంతువులకు వదిలేశారు, మనుషులు కంచె దాటి రాకూడదు. నెమళ్లు మాత్రం కంచె దగ్గరికి వచ్చి, మెడలు చాచి నన్ను చూసిపోతుంటాయి.

సాయంత్రం తీగ ఫోను మోగింది. వెనక బండి నుంచి సుంకులమ్మ.

"తిన్న్యావా దస్తగిరక్కా?"

"ఇంకా ల్యా. నువ్వు?"

"సద్దరొట్టె, ఎర్రకారం. ఆ ఉల్లిగడ్డ ఒకటి ఇట్లా విసిరేయరాదా, నంజుకుంటాను."

"విసిరితే నీ దాకా వస్తాదా? నెమలి నోట్లో పడతాది."

ఆమె నవ్వితే తీగలో గరగర శబ్దం వస్తుంది. ఆ గరగర కోసమే ఏదో ఒకటి అంటుంటాను.

మా ఉద్యోగం పేరు "తోడు". బండి తనంతట తనే నడుస్తుంది, తనంతట తనే ఆగుతుంది. అయినా మనిషి ఒకరు ఉండి తీరాలని చట్టం చేశారు కాబట్టి బండికి తోడుగా మేం ఉన్నాం. మాకు తోడు ఈ తీగ. అది కూడా, బండ్లను కనిపెట్టి ఉండే కేంద్రం కాక, ముందు బండికీ వెనక బండికీ మాత్రమే కలుస్తుంది. ముందు బండాయన మాటల మనిషి కాడు. పలకరిస్తే "ఊఁ" అని పెట్టేస్తాడు. అందుకని నాకున్నది సుంకులమ్మ ఒక్కతే. ఇన్నేళ్లు ఒకరి వెనక ఒకరం తిరిగాం గానీ ఆమె ముఖం నేను చూడలేదు. సరుకు దించే రేవులో కూడా ఒక బండి ఖాళీ అయి వెళ్లాకే ఇంకోదాన్ని లోపలికి రానిస్తారు.

మంగళవారం. మంచి ఎండ.

రోజంతా నడిచాం. సైకిలు తొక్కేవాడి వేగం. ఎండబండికి అంతకన్నా చేత కాదు.

సవితిని సీటు మీద కూర్చోబెట్టి అన్నం వండుకున్నాను. సవితి అంటే ఇసుక మూట. సుంకులమ్మ పెట్టిన పేరు. మేం కూర్చునే సీటుకు బరువు తెలుస్తుంది. బరువు లేకపోతే బండి ఆగుతుంది, దాని వెనక బండ్లన్నీ వరసగా ఆగుతాయి, కేంద్రంలో గంట మోగుతుంది. బండి మబ్బుకు ఆగి ఉన్నప్పుడు కూడా సీటు ఖాళీగా ఉండకూడదు. మరి పొయ్యి ఎవరు చూస్తారు, పలకలు ఎవరు తుడుస్తారు, నడుము ఎక్కడ వాలుస్తారు? ఆ సంగతి సీటు చేసినవాళ్లకు తట్టలేదు. అందుకని ప్రతి బండిలోనూ తోడు బరువంత ఇసుక మూట ఒకటి ఉంటుంది. మగవాళ్లు దాన్ని బామ్మర్ది అంటారట.

సాయంత్రం సుంకులమ్మ చాలాసేపు మాట్లాడాలని చూసింది. తన చెల్లెలి సంగతేదో ఎత్తింది. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. "రేపు చెబుదువులే, నిద్రొస్తాంది" అన్నాను.

"సరేలే, పండుకో" అంది.

బుధవారం. ఉదయం దట్టమైన మబ్బు. తర్వాత ఒక్కసారిగా ఎండ.

పొద్దున చాలాసేపు కదలలేదు. ఇక ఇవాళ్టికి ఇంతేననుకుని చీరకు పడిన చిరుగు కుట్టుకుంటూ కూర్చున్నాను. ఉన్నట్టుండి మబ్బు విచ్చుకుంది, బండి కుదుపుతో కదిలింది. సూది వేలికి గుచ్చుకుంది.

సాయంత్రం తీగ మోగలేదు. నేనే చేశాను. అవతల మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు.

నిన్నటి మాటకు కోపం వచ్చిందేమో.

గురువారం. మంచి ఎండ.

పొద్దున చేశాను, మధ్యాహ్నం చేశాను. పలకలేదు. కోపమైతే ఇంతసేపు ఉండదు ఆమెకు.

పెద్ద మలుపు దగ్గర వెనక బండి కనిపిస్తుంది. కిటికీలోంచి వంగి చూశాను. ఎప్పటిలాగే మలుపు తిరిగి వస్తోంది, ఎంత దూరం ఉండాలో అంత దూరంలో. ఆమె గది తలుపు పక్కన పచ్చచీర ఆరేసి ఉంది.

కేంద్రాన్ని అడిగాను. కేంద్రం గొంతు యంత్రానిది, ఎప్పుడూ మర్యాదగానే పలుకుతుంది.

"వెనక బండి తోడు పలకడం లేదు. కొంచెం చూడండి" అన్నాను.

"ఆ బండి తోడు తన స్థానంలోనే ఉన్నారు. బరువు సరిగ్గా ఉంది. మీ ప్రయాణం సుఖంగా సాగాలి."

బరువు సరిగ్గా ఉంది! ఎప్పుడూ అంత సరిగ్గా ఉండే బరువు ఏదో నాకు తెలుసు. ఆ మాట నోటిదాకా వచ్చింది, అనలేకపోయాను. అంటే సుంకులమ్మ మూట ఒక్కటే బయటపడదు. ఈ దారి మీద తిరిగే వాళ్లందరి మూటలూ బయటపడతాయి, అందరి ఉద్యోగాలూ పోతాయి.

శుక్రవారం. ముసురు. బండి రోజంతా కదలలేదు.

జ్వరమొచ్చి పడుకుందేమో. తీగ తెగిందేమో. తీగ తెగితే అవతల మోగిన చప్పుడు నాకు వినపడదు కదా.

ఉండబట్టలేక ముందు బండాయనకు చేశాను. సంగతంతా చెప్పాను. ఆయన అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"మనకెందుకమ్మా? ఆమె సీట్లో ఏముందో మన సీట్లో ఉండేదీ అదే గదా. నువ్వు కెలికితే నా మీదకొస్తాది. రేవు చేరినాక చూసుకుంటారులే వాళ్లు."

"రేవు చేరేలోపల మనిషికేమన్నా అయితేనో?"

ఆయన "ఊఁ" అని పెట్టేశాడు.

ముసురులో ఇనుప కప్పు మీద చినుకుల చప్పుడు తప్ప ఇంకేం లేదు. సాయంత్రం సుంకులమ్మ ఫోను చేసే వేళకు నాకు నేనే గట్టిగా "తిన్న్యావా?" అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మూడు రోజుల్లో గొంతు ఇంత బొంగురు పోతుందా?

శనివారం. గాలి. మంచి ఎండ.

ఇంకో మలుపు దగ్గర మళ్లీ చూశాను. ఆ పచ్చచీర గాలికి లేచి కప్పు మీదికి పోయింది. ముందు పెట్టె పలకల మీద పరుచుకుని అక్కడే ఉంది.

ఏ తోడూ పలక మీద గుడ్డ పడనివ్వదు. నిద్రలో ఉన్నా, జ్వరంలో ఉన్నా, పాక్కుంటూ అయినా వెళ్లి తీస్తాం. ఆ చీరను తీసేవాళ్లు ఆ బండిలో లేరు.

ఇక ఆలోచించలేదు. సవితిని రెండు చేతులతో సీటు మీంచి కిందికి తోశాను. నేనూ కూర్చోలేదు. చక్రాలు కీచుమన్నాయి. బండి ఆగింది. నా గదిలో ఎర్రదీపం వెలిగింది.

"ఆగిన కారణం చెప్పండి" అంది కేంద్రం.

"వెనక బండిలో మనిషి లేదు."

"ఉన్నారు. బరువు సరిగ్గా..."

"అది ఇసుక" అన్నాను. "నా దాంట్లో ఉన్నదీ ఇసుకే. మనిషినెవరినన్నా పిలవండి."

నేను దిగి కంకర మీద వెనక్కి నడవడం మొదలుపెట్టాను. నడిచి ఎన్నాళ్లయిందో, నేల కూడా బండిలాగా ఊగుతున్నట్టుంది. పెట్టెలన్నీ దాటి, ఖాళీ పట్టాలు దాటి, ఆగి ఉన్న ఆమె బండి దగ్గరికి చేరేసరికి ఊపిరి అందలేదు. "సుంకులూ!" అని కిందినుంచి పిలిచాను. మెట్లెక్కాను.

సీటు మీద మూట కూర్చుని ఉంది. దానికి ఒక తువ్వాలు కప్పింది, చలికి కప్పినట్టు. పొయ్యి చల్లగా ఉంది. చెప్పులు మంచం కింద ఉన్నాయి. సబ్బుపెట్టె మూత తీసి ఉంది, సబ్బు లేదు. బుధవారం నుంచి ఈ బండి నా వెనకే నడిచి వచ్చింది, నేను ఆగితే ఆగింది, నేను కదిలితే కదిలింది. లోపల ఎవరూ లేరు.

మంచం మీద కూలబడ్డాను. అప్పుడు తీగ మోగింది.

"ఎవరన్నా పలకండి తల్లీ, ఎవరన్నా పలకండి." మగగొంతు. అవతల ఎవరూ లేరని తెలిసినా అడిగే వాడి గొంతు.

"నేను దస్తగిరమ్మను. ముందు బండి తోడును. మీరెవరు?"



"నేను ఓబులేసునమ్మా. ఆ వెనక బండి. బుధవారం నుంచి మోగిస్తాండాను. ఎవురూ ఎత్తరే!"

"సుంకులమ్మ ఏమైంది?"

"వాగు వంతెన కాడ పడుండాది. కాలు ఇరిగింది. మబ్బుకు బండి ఆగింది గదా, ఇంగ కదల్దులే అనుకోని వాగులో నీళ్లు పోసుకోను దిగిందంట. మబ్బు ఇడిసింది, బండి పోయింది. తడిచీరతో పరిగెత్తింది. వంతెన మీద కాలు సందులో ఇరుక్కోని ఇరిగింది, పాక్కుంటా అవతలికి వచ్చింది."

"నువ్వు చూసినావా?"

"చూసినా. వంతెన దాటి పట్టాల పక్కన చెట్టుకు ఆనుకోని కూచోనుండాది. చెయ్యి ఊపింది, అరిసి చెప్పింది. రొట్టెలూ నీళ్ల సీసా ఇసిరేసినా. కేంద్రానికి చెప్తి. తోడు సీట్లోనే ఉంది, కింద ఉండేదెవరో కంచె దూకొచ్చిన మనిషి, సమాచారం అందింది అన్నారు. అందింది అంటే వస్తారులే అనుకుంటి. నా వెనకోళ్లు కూడా అంతేనమ్మా. పోయిన ప్రతి బండీ ఏదో ఒకటి ఇసిరింది. దుప్పటి ఒగరు, బెల్లం ఒగరు. అందరం కేంద్రానికి చెప్తిమి. అందరికీ అందిందనే చెప్పినారు. ఎవురమూ ఆపలా. ఆపల్ల అని నాకు తోచింది గానీ..."

ఆయన ఏడుస్తున్నాడు. ఆమె కబురు ఇటు మోసుకురావాల్సిన తీగ ఆమె గదిలోనే ఉంది. వెనకవాళ్లందరికీ ఆమె ఎక్కడుందో తెలుసు. ముందున్న నాకు ఆమె లేదని తెలుసు. మా మధ్య ఖాళీ గది మోగుతూ ఉంది.

నేను సుంకులమ్మ మూటను కూడా సీటు మీంచి దించేశాను.

"ఓబులేసూ, ఇప్పుడు బండ్లన్నీ ఆగినాయి. ఇంగ కదలవు. వెనక చెప్పు. వాళ్లను వాళ్ల వెనక చెప్పమను. వంతెనకు దగ్గరగా ఎవరుండారో వాళ్లు దిగి పోవల్ల."

మాట వెనక్కి పోయింది, ఒక నోటి నుంచి ఇంకో నోటికి. నేను తీగ పెట్టకుండా చెవికి ఆనించుకుని కూర్చున్నాను. పొద్దు వాలింది. గాలికి పైన చీర కొస కిటికీకి తగిలి తగిలి పోతోంది.

చాలాసేపటికి ఓబులేసు మళ్లీ పలికాడు. "పోయినారంట! వంతెన దాపున ఆగిన బండిలో కొత్తగా చేరిన ఆడమనిషి ఉండాదంట, ఆమె పోయింది. వెనక బండాయన కూడా నడుసుకుంటా పోయినాడు. ఇద్దరూ మంచంపలక మీద మోసి బండెక్కించినారంట. జరం ఎక్కువుంది. బతికుండాది."

"ఏమన్నా అన్నదా?"

"ఏందో అన్నదంట. ఇన్ని నోళ్లు దాటి వచ్చిన మాట, సరిగ్గా ఉందో లేదో. దస్తగిరక్కకు నా మీద కోపమా అని అడిగిందంట."

నేను ఫోను మీద చెయ్యి పెట్టి మూశాను, నా ఏడుపు ఆయనకు వినపడకుండా.

"కోపం ల్యాదని చెప్పు" అన్నాను చివరికి. ఆ మాట కూడా వెనక్కి పోయింది.

ఆదివారం. ఎండ బాగుంది. బండ్లు ఆగే ఉన్నాయి.

పొద్దున పక్క పట్టాల మీద రెండు ట్రాలీల్లో మనుషులు వచ్చారు. వైద్యులది ఆగకుండా వెనక్కి పోయింది. అధికారిణి ఒకామె దిగింది, పేరు కృపావతి. చిన్న వయసు. ముఖమంతా నిద్ర లేనితనం.

"మీరేనా ఆపింది?"

"నేనేనమ్మా."

"ఆ మూటలు ఎన్ని బండ్లలో ఉన్నాయి?"

నా దాని సంగతి మాత్రమే చెప్పాను. ఆమె వెనక్కి నడిచింది, నన్ను కూడా రమ్మంది. ఓబులేసు బండి దగ్గరికి వెళ్లేసరికి ఆయన కిందే నిలబడి ఉన్నాడు. తెల్లమీసాలు, బక్కపలచటి మనిషి. ఆయన పక్కన కంకర మీద ఇసుక మూట. దాని వెనక బండి దగ్గరా అంతే. ఆ వెనకా అంతే. ఎవరు చెప్పారో, తీగ మీద ఏం అనుకున్నారో, అందరూ మూటలు దించి పట్టాల పక్కన పెట్టుకుని నిలబడ్డారు. ముందు బండాయన మాత్రం తన మూట విప్పి ఇసుక కంచె అవతల పోసేశాడట, తనకేం తెలియదన్నాడట. అది ఆయన భయం. నేనేమీ అనుకోలేదు.

కృపావతి ఒక మూట ముందు ఆగి, దాన్ని బూటుతో మెల్లగా తట్టి చూసింది.

"స్నానానికి దిగిందా?" అని అడిగింది, నన్ను కాదు, ఎవరినీ కాదు.

"ముంతెడు నీళ్లతో తుడుచుకోవడమే కదమ్మా రోజూ మాకు. వాగు కనపడింది, దిగింది" అన్నాను.

ఆమె తల ఊపింది. తర్వాత నా సామాను తెచ్చుకోమంది. విచారణ అయ్యేదాకా నేను బండి ఎక్కకూడదు.

మంగళవారం. రేవు ఊళ్లో. ఆకాశం రాయాల్సిన పని లేదు, అయినా రాస్తున్నాను. ఎండ.

విచారణ వారాల తరబడి సాగాక ఆదేశం వచ్చింది. అందరినీ తీసేస్తే బండెక్కేవాళ్లు ఉండరు కాబట్టి ఎవరినీ తీయలేదు. సీట్లకు బరువు చూసే పద్ధతి ఎత్తేశారు. ప్రతి బండికీ తలుపు పక్కన తాడు పెట్టారు. తాడు లాగి దిగితే, మళ్లీ ఎక్కి తాడు వదిలేదాకా బండి కదలదు. రోజుకొకసారి అలా దిగొచ్చు. ఇంత చిన్న పనికి ఇన్నేళ్లు పట్టింది.

నన్ను మాత్రం ఇక బండి మీదికి పంపేది లేదన్నారు. లైను మొత్తం ఆపిన మనిషి ఒకరిని శిక్షించకుండా వదలలేరట, కృపావతే వచ్చి చెప్పింది, తల వంచుకుని. షెడ్డులో పలకలు కడిగే పని ఇచ్చారు. నా గదికి చక్రాలు లేవు. కుదుపు లేకుండా నిద్ర పట్టడం లేదు. పక్క గదుల్లో మనుషులు ఉన్నారు, వాళ్ల మాటలు గోడలోంచి వినిపిస్తాయి. ఎవరూ నాతో మాట్లాడరు. నేనే ముందుగా పలకరించాలేమో. ఎలా మొదలుపెట్టాలో మరిచిపోయాను.

శుక్రవారం. మబ్బు.

ఆస్పత్రికి వెళ్లాను. సుంకులమ్మను ఇప్పటిదాకా చూడనివ్వలేదు.

వార్డు గుమ్మంలో నిలబడి ఏ మంచమో తెలియక దిక్కులు చూశాను. నా మనసులో ఆమె సన్నగా, పొట్టిగా ఉండేది. ఎందుకలా అనుకున్నానో! కిటికీ పక్క మంచం మీద పెద్ద చేతులు, పెద్ద ముఖం, నెరిసిన జుట్టున్న మనిషి నన్నే చూస్తోంది. కాలికి పిండికట్టు. ఇక ఆ కాలితో బండి మెట్లు ఎక్కలేదని ముందే చెప్పారు నాకు.

"దస్తగిరక్కా?" అంది అనుమానంగా.

"నేనే."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నేను తెచ్చిన బత్తాయిలు బల్ల మీద పెట్టాను. నొప్పి ఎట్లా ఉందని అడిగాను, తగ్గిందంది. చెల్లెలు వచ్చిందా అని అడిగాను, వచ్చిందంది. భోజనం బాగుంటుందా అన్నాను, పర్వాలేదంది. ఆమె ఎవరో పెద్దమనిషి, నేనెవరో చూడ్డానికి వచ్చినదాన్ని. ఆ కళ్లనూ ఆ గొంతునూ ఎలా కలపాలో నాకు తెలియలేదు. ఆమెకూ అంతేననిపించింది. చీర కొంగు మెలిపెడుతూ ఫ్యాను వైపు చూస్తోంది.

ఇక లేద్దామా అనుకుంటుండగా ఆమె అంది, "అక్కా, ఏమనుకోవద్దు. ఆ పక్కకు తిరిగి కూచుంటావా రవ్వంత?"

కుర్చీ గోడవైపు తిప్పుకుని ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాను. ఎదురుగా సున్నం గోడ.

"తిన్న్యావా?" అంది వెనకనుంచి సుంకులమ్మ.

అదే గొంతు. కొంచెం నీరసంగా, అంతే.

"తినలా. నువ్వు?"

"తింటి. ఈడ చారు చూస్తే నీ ఉల్లిగడ్డల బండి కడిగిన నీళ్లే." గరగర లేని నవ్వు. "ఆ పొద్దు మా చెల్లెలి సంగతి చెప్పబోతే నిద్రొస్తాందన్న్యావు. ఇప్పుడు ఇనల్ల."

"చెప్పు, ఇంటాను."

ఆమె చెప్పింది. నేను ఊ కొట్టాను, తిట్టాను, నవ్వాను, అన్నీ గోడ వైపు చూస్తూనే. ఎంతసేపయిందో తెలియదు. మందులు తెచ్చిన నర్సు మా ఇద్దరి మధ్యలో ఆగి, ఆమె ముఖమూ నా వీపూ మార్చి మార్చి చూసింది.

"ఏంటమ్మా, ఇద్దరూ పోట్లాడుకున్నారా?"

"ల్యా ల్యా" అంది సుంకులమ్మ. "మాట్లాడుకుంటాండాం."